సొంత లైవ్ లూపర్ తయారీ: బోర్డు ఎంచుకోవడం నుంచి వేదిక ఎక్కించడం దాకా

బెంగళూరులో గిటారో, వయొలినో, వీణో వాయించే తెలుగువాళ్లు, ముఖ్యంగా పగలు కోడ్ రాసి రాత్రి సాధన చేసుకునేవాళ్లు, తరచుగా అడిగే మాట ఇది: లూపర్‌ను, అంటే వాయించిన ముక్కను అప్పటికప్పుడు రికార్డ్ చేసి తిప్పి తిప్పి వినిపించే పెట్టెను, మనమే తయారు చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. సోల్డరింగ్ కొంచెం వచ్చి, సీ ప్లస్ ప్లస్ చదివితే అర్థమయ్యేవాళ్లకు ఇది చేతికందే పనే. కాకపోతే పనుల వరుస తప్పితే చాలా సమయం వృథా అవుతుంది.

లూపర్‌లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది సమయం. స్విచ్ నొక్కిన క్షణమే రికార్డింగ్ మొదలవ్వాలి, మళ్లీ నొక్కిన క్షణమే ఆవర్తనం తిరగాలి. శబ్దం కాస్త మందంగా ఉన్నా వినేవాళ్లు సర్దుకుంటారు. లయ తడబడితే ఎవరూ సర్దుకోలేరు. కింద చెప్పిన ప్రతి నిర్ణయం వెనక ఈ లెక్కే ఉంది.

1. కొనే ముందు కాగితం మీద తేల్చుకోండి

ఈ ఐదింటికి జవాబు రాసుకోకుండా షాపుకి వెళ్లకండి.

☐ వాయిద్యం ఏది? మామూలు గిటార్ పికప్పా, పీజో పికప్పా (వాయిద్యం కంపనాన్ని పట్టేది), మైకా?
☐ నిలబడి వాయిస్తారా, కింద కూర్చునా?
☐ అతి పొడవైన లూప్ ఎంతసేపు ఉండాలి?
☐ పొర మీద పొర వేశాక చివరి పొర తీసేసే అన్‌డూ కావాలా?
☐ మోనో చాలా, స్టీరియో కావాలా?

మొదటి లూపర్ మోనోగానే చేయండి. మెమరీ సగం మిగులుతుంది, వైరింగ్ కూడా సగమే.

మెమరీ లెక్క తేలికే. సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన విలువలు), ఒక్కో శాంపిల్‌కు 4 బైట్లు అనుకుంటే సెకనుకు 192 కిలోబైట్లు. 64 మెగాబైట్ల మెమరీలో సుమారు 349 సెకన్లు పడతాయి. అన్‌డూ కోసం రెండో బఫర్ (శబ్దాన్ని దాచే మెమరీ భాగం) పెడితే ఒక్కోదానికి 170 సెకన్ల పైన వస్తుంది. సాధనకైనా, కచేరీకైనా అది సరిపోతుంది.

2. బోర్డు ఎంపిక

నా సలహా డైసీ సీడ్. 480 మెగాహెర్ట్జ్ కార్టెక్స్ ఎం7 ప్రాసెసర్, 64 మెగాబైట్ల ఎస్‌డీర్యామ్, 24 బిట్ల ఆడియో కోడెక్ (శబ్దాన్ని అంకెల్లోకి, అంకెలను శబ్దంలోకి మార్చే చిప్) అన్నీ ఒకే చిన్న బోర్డు మీద ఉంటాయి. ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలకు ఇబ్బంది లేదు. కరెంటు ఇవ్వగానే లేస్తుంది.

టీన్సీ 4.1 కూడా మంచి బోర్డే. దాని ఆడియో లైబ్రరీ 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లలో నడుస్తుంది. 128 శాంపిళ్ల బ్లాకుతో ఒక్కో బ్లాకుకు 2.9 మిల్లీసెకన్లు. ఆడియో షీల్డ్ విడిగా కొనాలి, అడుగున 8 మెగాబైట్ల పీఎస్‌ర్యామ్ (అదనపు మెమరీ) చిప్ సోల్డర్ చేయాలి. ఒక్కో చిప్‌కు మోనోలో దాదాపు 95 సెకన్లు వస్తాయి.

రాస్ప్‌బెర్రీ పై మీద జాక్ అనే ఆడియో సర్వర్, సూపర్‌లూపర్ అనే లూపర్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే కోడ్ రాయకుండానే పని మొదలవుతుంది. 128 ఫ్రేములు, 2 పీరియడ్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ ఆలస్యం 5.3 మిల్లీసెకన్లు. ఇంట్లో సాధనకు బాగుంటుంది. వేదిక మీదకు తీసుకెళ్తే మాత్రం ఫైల్ సిస్టమ్‌ను రీడ్ ఓన్లీగా పెట్టండి. లేకపోతే మధ్యలో కరెంటు పోయినప్పుడు ఎస్‌డీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక్కడి నుంచి డైసీ సీడ్ అనుకునే చెబుతాను.

3. సామాను

బెంగళూరులో చిల్లర సామానుకు ఎస్‌పీ రోడ్డు, అంటే సాదర్ పత్రప్ప రోడ్డు ఉంది. చిక్‌పేట మెట్రోలో దిగితే నడిచి వెళ్లొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి శనివారం పొద్దున పెట్టుకోండి. బోర్డును మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తెప్పించుకోవడం మంచిది.

☐ టీఎల్072 ఆప్‌యాంప్ 2 (ఒకటి స్పేర్), 8 పిన్నుల సాకెట్
☐ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు: 100 ఓమ్, 1 కిలోఓమ్, 10 కిలోఓమ్, 22 కిలోఓమ్, 1 మెగాఓమ్
☐ కెపాసిటర్లు: 100 నానోఫారడ్, 1 మైక్రోఫారడ్, 47 మైక్రోఫారడ్, 100 మైక్రోఫారడ్
☐ 1ఎన్5817 డయోడ్ (అడాప్టర్ తిరగేసి పెట్టినా బోర్డు కాలిపోకుండా)
☐ 6.35 మిల్లీమీటర్ల మోనో జాకులు 2, స్టీరియో జాక్ 1
☐ సాఫ్ట్ టచ్ మొమెంటరీ ఫుట్ స్విచ్‌లు 3
☐ 10 కిలోఓమ్ పొటెన్షియోమీటర్లు 2, ట్రిమ్‌పాట్ 1
☐ ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు
☐ 9 వోల్టుల, కనీసం 500 మిల్లీఆంపియర్ల అడాప్టర్, దానికి సరిపడే డీసీ జాక్
☐ అల్యూమినియం బాక్సు

ఎక్కువ మంది పొరపడేది ఫుట్ స్విచ్ దగ్గర. గిటార్ ఎఫెక్టుల కోసం షాపుల్లో ఇచ్చేది తరచుగా మూడు వరసల పిన్నులున్న 3పీడీటీ స్విచ్. అది నొక్కితే లాక్ అవుతుంది, టక్కుమని శబ్దం కూడా చేస్తుంది. లూపర్‌కు అది పనికిరాదు. నొక్కి వదలగానే వెనక్కి వచ్చే మొమెంటరీ రకం అడగండి. మల్టీమీటర్ పెట్టి చూసి కొనండి: నొక్కినంతసేపే బీప్ రావాలి.

4. అనలాగ్ భాగం: ముందు బ్రెడ్‌బోర్డు మీద

మీ వాయిద్యం అసలు శబ్దాన్ని ప్రాసెసర్ గుండా పంపొద్దు. ఇన్‌పుట్ బఫర్ (వాయిద్యం సిగ్నల్‌ను బలహీనపడకుండా అందుకునే సర్క్యూట్) దగ్గర దాన్ని రెండుగా చీల్చండి. ఒక దారి నేరుగా ఔట్‌పుట్ మిక్సింగ్‌కు, ఇంకో దారి డైసీకి. డైసీ నుంచి లూప్ మాత్రమే బయటికి వస్తుంది. ఇలా చేస్తే మీరు వాయించేది ఏ ఆలస్యమూ లేకుండా వినిపిస్తుంది. కోడ్ హ్యాంగ్ అయినా వాయిద్యం మూగబోదు.

టీఎల్072లో రెండు ఆప్‌యాంప్‌లు ఉంటాయి. ఒకటి ఇన్‌పుట్ బఫర్, రెండోది మిక్సర్.

• 9 వోల్టులను రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లతో సగం చేసి, ఆ 4.5 వోల్టుల బిందువు నుంచి గ్రౌండ్‌కు 47 మైక్రోఫారడ్ పెట్టండి.
• ఆ బిందువు నుంచి బఫర్ ప్లస్ పిన్నుకు 1 మెగాఓమ్. ఇన్‌పుట్ జాక్ నుంచి అదే పిన్నుకు 100 నానోఫారడ్.
• బఫర్ నుంచి 1 మైక్రోఫారడ్, ఆ తర్వాత ట్రిమ్‌పాట్, అక్కడి నుంచి డైసీ ఇన్‌పుట్.
• అసలు శబ్దం, లూప్ శబ్దం చెరో 22 కిలోఓమ్ ద్వారా రెండో ఆప్‌యాంప్ మైనస్ పిన్నుకు. రెండు దారుల్లోనూ వరుసలో 1 మైక్రోఫారడ్ ఉండాలి. ప్లస్ పిన్ను 4.5 వోల్టులకు, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కూడా 22 కిలోఓమ్.
• ఆప్‌యాంప్ ఔట్‌పుట్ నుంచి 1 మైక్రోఫారడ్, 1 కిలోఓమ్ దాటాకే ఔట్‌పుట్ జాక్.

పీజో పికప్ ఉన్నవాళ్లు ఇక్కడ కొంచెం ఆగండి. పీజో ఒక చిన్న కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. దాని కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ అనుకుంటే, 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌తో 159 హెర్ట్జ్ దగ్గరి నుంచే కింది స్థాయి తగ్గడం మొదలవుతుంది. వీణ మంద్ర స్థాయి పలచబడి, రేకు డబ్బా శబ్దంలా వచ్చేది ఇందుకే. 10 మెగాఓమ్ పెడితే ఆ హద్దు 16 హెర్ట్జ్‌కు దిగుతుంది. కాబట్టి పీజోకు 1 మెగాఓమ్ స్థానంలో 10 మెగాఓమ్ వాడండి.

మైక్ వాడేవాళ్లు మైక్‌ను నేరుగా ఇందులో గుచ్చొద్దు. సౌండ్ మిక్సర్ ఆక్స్ సెండ్ (శబ్దాన్ని విడిగా బయటికి పంపే ఔట్‌పుట్) నుంచి లూపర్‌కు, లూపర్ నుంచి మిక్సర్‌లో ఖాళీ ఛానెల్‌కు తీసుకోండి. ఆ ఛానెల్ ఆక్స్ నాబ్ సున్నాలో ఉండాలి. లేకపోతే లూప్ మళ్లీ లూపర్‌లోకే వెళ్లి కూత పెడుతుంది. ఈ పద్ధతిలో అసలు శబ్దం మిక్సర్‌లో ఎలాగూ ఉంటుంది కాబట్టి, లూపర్ లోపల ఆ దారిని ఆపేసే ఒక చిన్న స్విచ్ పెట్టుకోండి.

కరెంటు విషయం. 9 వోల్టులను డయోడ్ దాటాక డైసీకి నేరుగా ఇవ్వొచ్చు. ఆప్‌యాంప్‌కు మాత్రం 100 ఓమ్, 100 మైక్రోఫారడ్ ఫిల్టర్ దాటించి ఇవ్వండి. డిజిటల్ భాగం చేసే సన్నని కీచు రొద చాలావరకు అక్కడే ఆగిపోతుంది. గ్రౌండ్ వైర్లన్నీ డీసీ జాక్ దగ్గర ఒకే చోట కలవాలి.

50 హెర్ట్జ్ హమ్ ఏ కొంచెం వినబడినా తర్వాతి అడుగు వేయకండి. మామూలు గిటార్ ఎఫెక్ట్ పెడల్‌లో కొద్దిగా హమ్ ఉంటే సర్దుకోవచ్చు. లూపర్‌లో ప్రతి పొరతోపాటు హమ్ కూడా మళ్లీ రికార్డవుతుంది. మామూలు హిస్ కూడా పది పొరలు వేసేసరికి 10 డెసిబెల్స్ పెరుగుతుంది.

5. కోడ్: నాలుగు మెట్లు

ఒక్కో మెట్టు పూర్తిగా పనిచేశాకే తర్వాతిది రాయండి.

మొదటి మెట్టు: వచ్చిన శాంపిల్‌ను అలాగే బయటికి పంపడం. 48 కిలోహెర్ట్జ్, 48 శాంపిళ్ల బ్లాకు పెట్టండి. అంటే మీ ఆడియో ఫంక్షన్ ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి నడుస్తుంది. ఈ ఫంక్షన్ లోపల మెమరీ కేటాయించడం, సీరియల్‌కు రాయడం, కార్డు మీద సేవ్ చేయడం, దేనికోసమైనా ఎదురుచూడడం చేయకూడదు. మిల్లీసెకనులో పని ముగియకపోతే శబ్దం తెగుతుంది.

రెండో మెట్టు: రికార్డ్, ప్లే. స్థితులు నాలుగే పెట్టుకోండి: ఖాళీ, రికార్డ్, ప్లే, ఓవర్‌డబ్ (పాత లూప్ మీద కొత్త పొర వేయడం). ఆపడాన్ని విడి స్థితిగా కాకుండా వాల్యూమ్ సున్నా అయిన ప్లేగా చూస్తే కోడ్ సులువవుతుంది. లూప్ పొడవును శాంపిళ్లలోనే, పూర్ణ సంఖ్యగానే దాచండి. మిల్లీసెకన్లలోకి మార్చి మళ్లీ వెనక్కి మారిస్తే 47 శాంపిళ్ల దాకా పోతాయి. రికార్డూ ప్లే రెండూ ఒకే గడియారం మీద నడుస్తాయి కాబట్టి శాంపిళ్లను లెక్కిస్తే గంటసేపు తిరిగినా లూప్ లయ నుంచి పక్కకు జరగదు.

ఎస్‌డీర్యామ్‌లో పెట్టిన బఫర్ ఆన్ చేయగానే సున్నాలతో ఉండదు, చెత్తతో ఉంటుంది. హార్డ్‌వేర్ ఇనిషియలైజ్ అయ్యాక మీరే సున్నాలు నింపండి. ఈ పని మరిచిపోతే మొదటిసారి ప్లే నొక్కినప్పుడు పెద్ద బుస్సుమనే శబ్దం రావచ్చు.

మూడో మెట్టు: అతుకు. లూప్ చివరి శాంపిల్, మొదటి శాంపిల్ విలువలు కలవకపోతే ప్రతి ఆవర్తనంలో టిక్‌మంటుంది. చాలామంది చివర ఫేడ్ ఔట్, మొదట ఫేడ్ ఇన్ పెట్టి వదిలేస్తారు. టిక్ పోతుంది గానీ, సాగే స్వరం మధ్యలో గుంట పడుతుంది. తంబురా శ్రుతిని లూప్ చేస్తే ఆ గుంట స్పష్టంగా తెలుస్తుంది.

సరైన పద్ధతి ఇది. ముగింపు కోసం స్విచ్ నొక్కాక ఇంకో 480 శాంపిళ్లు, అంటే 10 మిల్లీసెకన్లు, రికార్డింగ్ కొనసాగించండి. ఆ తోకను తగ్గిస్తూ, లూప్ తలను పెంచుతూ రెండింటినీ కలిపి తల స్థానంలో రాయండి. అప్పుడు చివరి శాంపిల్ తర్వాత వచ్చేది నిజంగా దాని తరువాయి శబ్దమే అవుతుంది. ఒక మెలిక: ఆ 10 మిల్లీసెకన్లలోనే మొదటి ఆవర్తనం ప్లే కూడా మొదలవుతుంది. అప్పుడు తోకను లూప్ నుంచి వినిపించకండి, తలను మాత్రమే పెంచుతూ వినిపించండి. తోక శబ్దం మీ వాయిద్యం నుంచి నేరుగా వినబడుతూనే ఉంటుంది. రెండూ వినిపిస్తే ఆ కాసేపు శబ్దం ఉబ్బుతుంది.

నాలుగో మెట్టు: ఓవర్‌డబ్, అన్‌డూ. పాత శాంపిల్ చదివి ఔట్‌పుట్‌కు పంపి, దానికి కొత్తది కలిపి తిరిగి రాయాలి. ఓవర్‌డబ్ మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు కొత్త శబ్దాన్ని 5 మిల్లీసెకన్లపాటు పెంచడం, తగ్గించడం మరవకండి. ఫ్లోట్ బఫర్ కాబట్టి పొరలు ఎన్ని కలిసినా లోపల క్లిప్ అవదు (హద్దు దాటి శబ్దం పగలదు). ఔట్‌పుట్ దగ్గర ఒక సాఫ్ట్ లిమిటర్ చాలు.

అన్‌డూ కోసం రెండో బఫర్‌కు మొత్తం లూప్‌ను ఒక్కసారి కాపీ చేస్తే మిల్లీసెకనులో అవదు, శబ్దం తెగుతుంది. దానికి బదులు ఇలా చేయండి:

• ఓవర్‌డబ్ మొదటి చుట్టులో మాత్రం, ప్రతి శాంపిల్ మీద రాసేముందు పాత విలువను రెండో బఫర్‌లో అదే స్థానంలో దాచండి.
• ఎక్కడ మొదలై ఎంతవరకు రాశారో గుర్తు పెట్టుకోండి. ఆ పరిధి బయట రెండో బఫర్‌లో ఉన్నది పాత చెత్త.
• అన్‌డూ నొక్కితే ప్లే హెడ్ (ప్లే అవుతున్న స్థానం) ఆ పరిధిలోని శాంపిల్ దగ్గరికి వచ్చినప్పుడు, వినిపించే ముందు, రెండు బఫర్ల విలువలను మార్చుకోండి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి లూప్ అంతా మారిపోతుంది. వినేవాళ్లకు మాత్రం నొక్కగానే మారినట్టే ఉంటుంది.
• ఆ చుట్టు ముగిసేదాకా ఇంకో అన్‌డూను, కొత్త ఓవర్‌డబ్‌ను అనుమతించకండి.

మళ్లీ నొక్కితే తీసేసిన పొర తిరిగి వస్తుంది. అంటే రీడూ విడిగా రాయక్కర్లేదు.

6. స్విచ్‌లు: సమయం పోయేది ఇక్కడే

స్విచ్ లోపలి లోహపు రేకులు తాకేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు వణుకుతాయి. అందుకని చాలా లైబ్రరీలు సిగ్నల్ స్థిరపడేదాకా ఆగి, అప్పుడు నొక్కినట్టు లెక్కిస్తాయి. లూపర్‌లో ఆ ఆలస్యం అనవసరం. మొదటి తాకిడికే పని చేసేయండి, ఆ తర్వాత 25 మిల్లీసెకన్లపాటు ఆ స్విచ్‌ను పట్టించుకోకండి. స్విచ్‌ను ఆడియో ఫంక్షన్ మొదట్లోనే చదివితే ఆలస్యం మిల్లీసెకనుకు మించదు. నొక్కినప్పుడే పని జరగాలి, వదిలినప్పుడు కాదు.

ఒకే స్విచ్‌తో, రెండుసార్లు నొక్కితే ఆగేలా చేయమని అడుగుతుంటారు. నేను వద్దంటాను. అలా చేస్తే రెండో నొక్కు వస్తుందేమోనని పరికరం ఎదురుచూడాలి, లేదా తప్పుగా మొదలైన ఓవర్‌డబ్‌ను చెరపాలి. మూడు స్విచ్‌లు పెట్టుకోండి: ఎడమది రికార్డ్, ప్లే, ఓవర్‌డబ్, మధ్యది అన్‌డూ, కుడిది ఆపడం, 2 సెకన్లు నొక్కి పట్టుకుంటే మొత్తం చెరపడం.

కింద కూర్చుని వాయించేవాళ్లకు ఫుట్ స్విచ్ అసలు అందదు. కర్ణాటక వయొలిన్‌లో వాయిద్యం తల కుడి పాదం మీద ఆనుతుంది, ఆ కాలు కదపలేరు. వీళ్ల కోసం స్టీరియో జాక్ పెట్టి బయటి స్విచ్ ఇవ్వండి. టిప్‌కు రికార్డ్, రింగ్‌కు ఆపడం, స్లీవ్‌కు గ్రౌండ్. ఆ స్విచ్‌ను మడిచిన ఎడమ మోకాలి కింద, చాప మీద జారకుండా రబ్బరు అతికించి పెట్టుకోవచ్చు. వాయించేవాళ్లే కూర్చుని ఎత్తు, గట్టిదనం చూసుకున్నాకే అతికించండి.

7. తాళానికి సరిపెట్టడం

ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా నొక్కడంలో కొంత ముందూ వెనకా అవుతుంది. అందుకే అక్షరం (తాళంలో ఒక లెక్క) నిడివి తెలిస్తే లూప్‌ను కచ్చితమైన ఆవర్తనానికి సరిదిద్దే సదుపాయం పెట్టుకోవడం మంచిది. నాలుగుసార్లు స్విచ్ తట్టించి సగటు తీయండి. నిమిషానికి 72 అక్షరాల కాలంలో ఒక్కో అక్షరానికి సరిగ్గా 40,000 శాంపిళ్లు. ఆది తాళం ఆవర్తనం 3,20,000 శాంపిళ్లు. మిశ్రచాపుకు 7, ఖండచాపుకు 5, రూపకానికి 3 చొప్పున గుణకాన్ని ఒక నాబ్‌తో మార్చుకోవచ్చు.

ముందే నొక్కితే లక్ష్యం దాకా రికార్డింగ్ కొనసాగించి అప్పుడు ప్లేకు మారండి. ఆలస్యంగా నొక్కితే పొడవును లక్ష్యానికి కుదించి, ప్లేను మొదటి శాంపిల్ నుంచి కాకుండా ఎంత ఆలస్యమైందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఈ రెండోది మరిచిపోతే పొడవు సరిగ్గా ఉన్నా లూప్ మొత్తం వెనకబడి వినిపిస్తుంది.

8. బాక్సులో పెట్టేముందు పరీక్షలు

☐ ఔట్‌పుట్‌ను కేబుల్‌తో ఇన్‌పుట్‌కు కలిపి, అసలు శబ్దం దారి ఆపేసి, ఒక క్లిక్ పంపి అది తిరిగి రావడానికి పట్టిన శాంపిళ్లను లెక్కించండి. ఓవర్‌డబ్‌లో రాసే స్థానాన్ని ప్లే హెడ్ కంటే అన్ని శాంపిళ్లు వెనక్కి పెట్టండి.
☐ ఫోన్ నుంచి 440 హెర్ట్జ్ స్వరం రికార్డ్ చేసి అతుకు దగ్గర వినండి. వేర్వేరు పొడవుల్లో చేయండి.
☐ ఏమీ వాయించకుండా పది పొరలు ఓవర్‌డబ్ చేసి రొద ఎంత పెరిగిందో చూడండి.
☐ మెట్రోనోమ్ పక్కన అరగంట తిప్పండి.
☐ స్విచ్‌లను గబగబా, రెండేసి కలిపి నొక్కి చూడండి. ఏ వరుసలో నొక్కినా కోడ్ ఆగిపోకూడదు.

9. సమస్య వస్తే ఎక్కడ వెతకాలి

ఒకసారి నొక్కితే రెండు పనులు జరుగుతున్నాయి: పట్టించుకోని సమయాన్ని 25 నుంచి 40 మిల్లీసెకన్లకు పెంచండి. వదిలేటప్పటి వణుకుకూ అదే వర్తించాలి.

పొరలు వేసేకొద్దీ వెనకబడుతున్నాయి: రాసే స్థానం సవరణ జరగలేదు, లేదా సవరణలో ప్లస్, మైనస్ గుర్తు తారుమారైంది.

ల్యాప్‌టాప్ కేబుల్ తీసేస్తే హమ్ పోతోంది: గ్రౌండ్ లూప్ (గ్రౌండ్‌కు రెండు దారులు ఏర్పడడం). లోపం లూపర్‌లో లేదు. వాయించేటప్పుడు ల్యాప్‌టాప్ కలపకండి. అడాప్టర్, ఆంప్లిఫయర్ రెండూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి తీసుకోండి, ఆ బోర్డుకు ఎర్త్ ఉందో లేదో చూడండి.

ఓవర్‌డబ్‌లో పాత లూప్ ఉబ్బుతోంది: స్పీకర్ శబ్దం మైక్‌లోకి వస్తోంది. మానిటర్‌ను మైక్ వెనక వైపుకు జరపండి, లేదా ఇయర్‌ఫోన్‌లో వినండి.

10. బాక్సు, వేదిక

స్విచ్‌ల మధ్య కనీసం 6 సెంటీమీటర్లు వదలండి. రంధ్రాలను చిన్న బిట్‌తో మొదలుపెట్టి స్టెప్ బిట్‌తో పెంచండి. ఎరుపు ఎల్‌ఈడీ రికార్డ్‌కు, ఆకుపచ్చ ప్లేకు, రెండూ కలిసి ఓవర్‌డబ్‌కు. ఎండలో కూడా కనబడతాయో లేదో బాల్కనీలో పెట్టి చూడండి. యూఎస్‌బీ రంధ్రం బయటికి ఉంచితే కోడ్ మార్చడానికి ప్రతిసారీ మూత విప్పక్కర్లేదు.

మల్లేశ్వరం, బసవనగుడి వైపు చిన్న హాళ్లలో వాయించేటప్పుడు సౌండ్ చూసే ఆయనకు ముందే ఒక మాట చెప్పండి: ఈ ఛానెల్‌లో అసలు శబ్దం, లూప్ కలిసే వస్తాయి, కాబట్టి కంప్రెసర్ వేయొద్దని. కంప్రెసర్ పడితే మీరు గట్టిగా వాయించిన ప్రతిసారీ లూప్ అణిగిపోతుంది. వీలైతే లూప్‌కు విడి ఔట్‌పుట్ జాక్ పెట్టి రెండు ఛానెళ్లు అడగండి. సంచిలో రెండో అడాప్టర్, ఒక స్పేర్ స్విచ్, రెండు కేబుళ్లు, చిన్న స్క్రూడ్రైవర్ ఉంచుకోండి. హాల్లో సౌండ్ చెక్ అప్పుడు మొదట పూర్తి ఆవర్తనం ఒకటి రికార్డ్ చేసి, అతుకును మానిటర్‌లో విన్నాకే వాల్యూమ్‌లు పెట్టుకోండి.